ఉబ్బిన చెంప

మధ్యాహ్నం గంట మోగింది. అందరూ డబ్బాలు తెరుస్తున్నారు. భూతద్దం మాత్రం తన డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని, పక్క వరసలోని కొత్తమ్మాయి చెంపనే చూస్తోంది.

ఆమెకు భూతద్దమని పేరు పెట్టింది వాళ్ళన్నయ్య. ఇంట్లో ఏది కనబడకపోయినా ఆరా తీస్తూ తిరుగుతుందని. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

ఇవాళ క్లాసు లీడరు బ్యాగులోంచి చాక్లెట్ మాయమైంది. పొద్దున తన చేత్తోనే పెట్టుకున్నానని అతను ఒట్టు వేసి మరీ చెప్పాడు. కొత్తమ్మాయి కూర్చునేది సరిగ్గా అతని వెనకే.

లెక్కల క్లాసులో ఆ చెంప మామూలుగానే ఉంది. ఇప్పుడు డబ్బాల మూతలు లేచి వాసనలు గుప్పుమనగానే, చెవి ముందు నుంచి గోలీ అంత ఉబ్బుకొచ్చింది. నిన్నా ఇంతే. పైగా ఆమె తన డబ్బా తెరవనే లేదు. బడి పిల్లలకు ఈ వేళప్పుడు ఆకలి వేయకపోవడమేమిటి?

భూతద్దం ఇంకా పరీక్షగా చూసింది. దవడ కదలడం లేదు. అంటే నమలడం లేదు. గొంతూ కదలడం లేదు. అంటే మింగడం లేదు. చాక్లెట్‌ను చెంపలో దాచి మెల్లగా కరగనిస్తోందన్నమాట.

ఆ మాట లీడరు చెవిలో వేసింది. అతను ఇంకొకరి చెవిలో వేశాడు. కాసేపట్లో కొత్తమ్మాయి బల్ల చుట్టూ గుంపు చేరింది.

"నోట్లో ఏముంది?" అని అడిగింది భూతద్దం.

ఏమీ లేదన్నట్టు కొత్తమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"అయితే తెరిచి చూపించు."

కొత్తమ్మాయి అందరి మొహాలూ చూసి, మెల్లగా నోరు తెరిచింది. నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుంది. భూతద్దం వంగి చూసింది. నాలుక, పళ్ళు, పాలపన్ను ఊడిన చోట అప్పుడే తొంగి చూస్తున్న కొత్త పన్ను. అంతే. చాక్లెట్ జాడే లేదు.

అందరూ ఇప్పుడు భూతద్దం వైపు చూస్తున్నారు. పరువు పోయేలా ఉంది.

"మింగేసింది," అంది.

మింగితే గొంతు కదలాలి. ఆ గొంతు కదల్లేదని ఆమెకు తెలుసు. కళ్ళార్పకుండా చూసింది తనే.

ఎవరో నవ్వారు. వెనక బల్ల పొడుగాడు "మింగుడమ్మ" అన్నాడు. కొత్తమ్మాయి చెంప పట్టుకుని బల్ల మీద తల వాల్చేసింది.

గోల విని సైన్సు టీచరు వచ్చారు. చెంపను వేలి కొసతో తాకి, ఇలా ఎప్పటినుంచని అడిగారు. తిండి వాసన తగిలితే చాలు ఉబ్బుతుందని, తింటే మరీ నొప్పని, తర్వాత దానంతటదే తగ్గిపోతుందని కొత్తమ్మాయి చెప్పింది. కొత్త బడిలో ఎవరికి చెప్పాలో తెలియలేదట. టీచరు ఫోన్ చేస్తే, బస్సు కండక్టరుగా పనిచేసే వాళ్ళమ్మ యూనిఫాంలోనే పరుగున వచ్చి తీసుకెళ్ళింది.

మరుసటి రోజు టీచరు బోర్డు మీద తల బొమ్మ వేశారు. చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద లాలాజల గ్రంథులు గీశారు. తిండి వాసన తగలగానే ఇవి ఉమ్మిని ఊరిస్తాయని, నోరూరడమంటే అదేనని చెప్పారు. పళ్ళు నమిలిన ముద్దను తడిపి గొంతులోకి జారేలా చేసేది ఆ ఉమ్మే. అది నోట్లోకి రావడానికి సన్నటి గొట్టాలుంటాయి. ఒక గొట్టంలో చిన్న రాయి అడ్డుపడితే, ఊరిన ఉమ్మి వెనకే నిలిచిపోయి చెంప ఉబ్బుతుంది. కొత్తమ్మాయికి జరిగింది అదేనట. డాక్టరు ఆ రాయిని తీసేశారట.

ఆ సాయంత్రమే లీడరు చాక్లెట్ కూడా దొరికింది, అతని బ్యాగు లోపలి చిరుగులో. అతను నాలుక కరుచుకున్నాడు. భూతద్దానికి మాత్రం "మింగేసింది" అన్న తన మాటే గొంతులో ముల్లులా గుచ్చుకుంటూ ఉండిపోయింది.

కొన్నాళ్ళకు కొత్తమ్మాయి బడికి వచ్చింది. ఈసారి నోట్లో నిజంగానే ఏదో ఉంది.

"మింగుడమ్మ మళ్ళీ మొదలెట్టింది. కనిపెట్టు," అని పొడుగాడు భూతద్దం చెవిలో ఊదాడు.

భూతద్దం ఒక్కతే లేచి వెళ్ళి, నొప్పి తగ్గిందా అని కొత్తమ్మాయినే అడిగింది. తగ్గిందని, పుల్లటి బిళ్ళలు చప్పరించమని డాక్టరుగారే చెప్పారని, ఉమ్మి బాగా ఊరుతుంటే దారి మూసుకుపోదని ఆమె ముక్తసరిగా చెప్పి మొహం తిప్పుకుంది.

భూతద్దం క్లాసు వైపు తిరిగింది.

"ఆరోజు తను ఏమీ మింగలేదు. గొంతు కదలకపోవడం నేను చూశాను. చూసి కూడా అబద్ధం చెప్పాను. తనని ఇక ఆ పేరుతో పిలవకండి."

ఎవరూ నవ్వలేదు. పొడుగాడు పుస్తకంలో తల దూర్చేశాడు.

మధ్యాహ్నం భూతద్దం తన డబ్బా తీసుకుని కొత్తమ్మాయి పక్కన కూర్చుంది. నారింజ వలిచి ఒక తొన ఆమె ముందు పెట్టింది. కొత్తమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. తర్వాత భూతద్దం మొహంలోకి అనుమానంగా చూసింది. ఇందులో ఏదో మెలిక ఉందనుకుంది కాబోలు. చివరికి నోట్లో వేసుకుంది.

భూతద్దం చూపు అలవాటు కొద్దీ ఆ చెంప వైపు వెళ్ళబోయింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుని, తన డబ్బాలోకి చూస్తూ తినడం మొదలుపెట్టింది.