లెక్కకు రాని గోల్

"విజిల్ ఊదడం వచ్చా?" అని అడిగాడు చీఫ్.

ఏజెంట్ దశరథానికి పిస్టల్ వచ్చు, టైంబాంబు వైరు కత్తిరించడం వచ్చు, నాలుగైదు భాషల్లో కళ్ళార్పకుండా అబద్ధమాడటం వచ్చు. ఇన్నేళ్ళ సర్వీసులో విజిల్ సంగతి ఎవరూ అడగలేదు.

"నేర్చుకుంటాను, సర్."

"గుడ్. ఆదివారం కరీంనగర్‌లో ఫుట్‌బాల్ ఫ్రెండ్లీ మ్యాచ్. రోమ్ ఒలింపిక్స్‌కి బయల్దేరే ముందు మన జట్టు యూరప్ నుంచి వచ్చిన అతిథి జట్టుతో ఆడుతుంది. పెవిలియన్‌లో కలెక్టర్ పక్కన డాక్టర్ ఓస్కర్ కూర్చుంటాడు. సొంత దేశం నుంచి పారిపోయి మన దగ్గరికొచ్చిన రాడార్ సైంటిస్టు. ఆయన్ని లేపేయడానికి గ్రే సర్కిల్ ముఠా మనిషిని పంపింది."

"ఎవరు?"

"తెలీదు."

"డాక్టర్‌ని మ్యాచ్‌కి రావద్దంటే సరిపోదా?"

"అన్నాం. ఫుట్‌బాల్ చూడనివ్వకపోతే ఇంకో దేశానికి పారిపోతానన్నాడు." చీఫ్ ముఖంలో నవ్వు లేదు. "మైదానం మధ్యలో నిలబడి అన్ని వైపులా చూడగలిగేవాడు రిఫరీ ఒక్కడే. నువ్వు కలకత్తా మిస్టర్ సేన్‌వి. నీకు తెలుగు రాదు. ఒక్క ముక్క కూడా రాదు. గుర్తుందా?"

మెట్‌పల్లిలో పుట్టి పెరిగిన దశరథం తలూపాడు.

ఆదివారం పొద్దున మిస్టర్ సేన్ ట్రావెలర్స్ బంగ్లా వరండాలో కూర్చుని ఉన్నాడు. దొంగ మీసం, బెంగాలీ ధోవతి, చేతిలో ఇంగ్లీషు పేపరు. ఒక కుర్రాడు సంకోచంగా మెట్లెక్కి వచ్చాడు. వెనకాల సత్తు గిన్నె పట్టుకుని ఒక ముసలామె.

"రాయమల్లు, సాబ్. మన జట్టులో ఫార్వర్డ్," అన్నాడు కుర్రాడు వచ్చీరాని హిందీలో. "మా అమ్మ లస్మవ్వ. సిరిసిల్ల నుంచి మీకు సర్వపిండి తెచ్చింది."

జట్టులో ఒక్క చోటు ఇంకా ఖాళీగా ఉంది. ఈ మ్యాచ్‌లో గోల్ కొడితే రోమ్, లేకపోతే మళ్ళీ ఇంట్లో మగ్గం గుంట అని సెలెక్టర్ రాయమల్లుతో మొహం మీదే చెప్పేశాడు. కాళ్ళకు ఎవరివో పెద్ద బూట్లు. వదులు తెలియకుండా లోపల నూలు కుక్కుకున్నాడు.

లస్మవ్వ గిన్నె మూత తీసింది. "తిను బిడ్డా. తల్లి లేని ఊరికొచ్చినవ్. మా పోరడు గోల్ గొడ్తె వేములాడ రాజన్నకు కోడె కడతనని మొక్కిన. నువ్వేం సాయం జెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చూడు, గంతే."

"ఏమంటోంది?" అని హిందీలో అడిగాడు సేన్.

"తినమంటోంది, సాబ్," అన్నాడు రాయమల్లు సిగ్గుపడుతూ.

నువ్వులు, పల్లీలు, కొంచెం మాడిన అంచు. అచ్చం దశరథం తల్లి చేసినట్టే ఉంది. ఎంత బాగుందో చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటను సర్వపిండితో సహా మింగేశాడు. సిగ్గులేకుండా ఇంకో ముక్క తీసుకున్నాడు కూడా.

మ్యాచ్‌కి జనం విరగబడ్డారు. చెట్లెక్కారు, గోడలెక్కారు. డప్పుల వాళ్ళు ఒక పక్క, ఫటాకుల దండలు ఇంకో పక్క. అతిథులకు తలనొప్పి రాకుండా అవన్నీ గోల్ పడ్డప్పుడే మోగాలని కలెక్టర్ హుకుం. పాపం ఆయన మంచికే అన్నాడు. హాఫ్ టైం దాకా గోల్ పడలేదు.

నిమ్మకాయ నీళ్ళ గ్లాసుతో నర్మద వచ్చింది. నైలాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, మైకులో కామెంటరీ. ఆదిలాబాద్ పిల్ల. జీతం గ్రే సర్కిల్ ఇస్తుంది, సమాచారం మనకిస్తుంది. అలా అని చీఫ్ నమ్మకం.

"కాగజ్‌నగర్ రైలు లేటా?" అంది మెల్లగా.

"పట్టాల మీద బర్రె పడుకుంది," అన్నాడు దశరథం. అదే కోడ్.

"మొదటి గోల్ పడగానే కాలుస్తాడు. డప్పులు, ఫటాకులు, ఇంత జనం కేకలు. ఆ మోతలో తూటా చప్పుడు ఎవడికి వినపడుతుంది?"

"ఎవడు వాడు?"

"నాకూ చెప్పలేదు. గోల్ పడకుండా చూసుకో, సేన్ బాబూ."

దేవుడా, ఎవరూ గోల్ కొట్టకూడదు అనుకున్నాడు దశరథం. అనుకున్న వెంటనే నోట్లో సర్వపిండి రుచి తగిలింది. ముసలామె మొక్కుకు అడ్డం పడుతున్నానని సిగ్గేసింది.

రెండో సగం ముగియవస్తోంది. బంతి రాయమల్లుకు దొరికింది. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి బోల్తా కొట్టించాడు. అబ్బ, ఏం పరుగది! ఊరంతా లేచి నిలబడింది. ఫోటోగ్రాఫర్లందరూ గోల్ వైపు కెమెరాలు తిప్పారు. ఒక్కడు తప్ప. అతిథి జట్టుతో వచ్చిన ఆ ఫోటోగ్రాఫర్ గోల్‌కి వీపు పెట్టి, పొడవాటి లెన్సును పెవిలియన్ వైపు గురిపెట్టాడు.

రాయమల్లు కాలు బంతిని తన్నింది. డప్పుల మీదికి కర్రలు లేచాయి.

దశరథం గుండె నిండా గాలి పీల్చి విజిల్ ఊదాడు. "ఆఫ్‌సైడ్!"

బంతి వలలో పడింది. డప్పు మోగలేదు. ఫటాకు పేలలేదు. రావలసిన మోత రాకపోయేసరికి ఫోటోగ్రాఫర్ వేలు ఆగింది, తల వెనక్కి తిరిగింది. గీత పక్కనే మైకు దగ్గరున్న నర్మదకు ఆ ఆలస్యం చాలు. మైకు స్టాండు ఎత్తి వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. లెన్సులో తుపాకీ గొట్టం దాచిన కెమెరా కింద పడింది. మఫ్టీలో ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు వాణ్ణి చెరో చెయ్యీ పట్టి నడిపించుకుపోయారు. ఎండదెబ్బ కాబోలని జనం అనుకున్నారు. డాక్టర్ ఓస్కర్ మాత్రం రిఫరీని తన భాషలో బండబూతులు తిడుతున్నాడు.

రాయమల్లు పరుగెత్తుకొచ్చాడు. హిందీ మరిచిపోయాడు. "సాబ్, నేను ఎనకనే ఉన్న! మీరు నా దిక్కే చూస్తున్నరు సాబ్!"

చూశాడు. పాస్ వచ్చినప్పుడు డిఫెండరు గోల్‌కి దగ్గరగా ఉన్నాడు, రాయమల్లు వెనకే ఉన్నాడు. అంతకంటే న్యాయమైన గోల్ ఉండదు.

"ఆఫ్‌సైడ్," అన్నాడు దశరథం మళ్ళీ. మ్యాచ్ గోల్ లేకుండానే ముగిసింది.

బంగ్లా నుంచి చీఫ్‌కి ట్రంకాల్ చేశాడు. "సర్, సెలెక్టర్‌కి ఒక్క మాట చెప్పండి. అది గోలే."

"చెప్తే ఎందుకు ఊదావని అడుగుతాడు. అక్కడేమీ జరగలేదు, దశరథం. జరగలేదు కాబట్టే డాక్టర్ బతికున్నాడు. నైస్ వర్క్." ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం ప్రకటించిన జట్టులో రాయమల్లు పేరు లేదు.

గేటు దగ్గర లస్మవ్వ ఖాళీ గిన్నెతో నిలబడి ఉంది. పక్కన బూట్లు చేత పట్టుకుని కొడుకు. తిట్టనీ, మన్ను పొయ్యనీ, పడాల్సిందే అనుకుంటూ దశరథం దగ్గరికెళ్ళాడు. ఆమె తలెత్తి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తిట్టకవ్వా," అన్నాడు రాయమల్లు. "ఆయినకు తెలుగు రాదు."

"తిడ్తలేను రా. జర ఆయిన కండ్లు చూడు. ఎట్ల ఎర్రగైనయో, నీళ్ళెట్ల కారుతున్నయో. పాపం ఆనుతలేవు గావచ్చు. సిగ్గుకు ఎవలకు చెప్పుకోలేదు." గరుకైన చేత్తో అతని చెంప తుడిచింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. గా కోడె మొక్కు నీ కండ్లకే కడ్త."

దశరథానికి అక్కడే కాళ్ళ మీద పడాలనిపించింది. అవ్వా, నాది మెట్‌పల్లి, నాకు అంతా కనబడ్డది అని అరవాలనిపించింది. కానీ మిస్టర్ సేన్‌కు ఒక్క ముక్క రాదు కదా.

"ఏమంటోంది?" అని హిందీలో అడిగాడు.

రాయమల్లు బూట్లలోంచి నూలు పీకుతూ, "ఏం లేదంటోంది, సాబ్," అన్నాడు.

మర్నాడు మీసం తీసేసి దశరథం వేములవాడ బస్సెక్కాడు. ఆ ముసలామెతో ఈ ఖర్చు కూడా పెట్టించడం అతనికి ఇష్టం లేదు. కోడెను తనే పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేశాడు.

"ఏం మొక్కు?" అడిగాడు అయ్యగారు.

"కండ్ల మొక్కు."

అయ్యగారు వంగి, పరీక్షగా చూశాడు. "మంచిగనే ఉన్నయ్ గద నీ కండ్లు?"

"గదే పంచాయతి, అయ్యగారూ," అన్నాడు దశరథం.