కొంగల గిన్నె

కుండలకు పేరున్న గంగ్‌జిన్ నుంచి వచ్చిన జొంసున్ కుర్చీ అంచున కూర్చుంది. డిటెక్టివ్ ప్యో ఇప్పించిన టీ ముట్టుకోలేదు. వాళ్లింట్లో తరతరాలుగా వస్తున్న కొరియాను ఎనిమిది వందల ఏళ్ల కిందట ఏలిన గొర్యో రాజుల నాటి పచ్చగాజుపూత గిన్నె మొన్న ఉదయం మాయమైంది. వాన వెలిసిన ఆకాశం రంగు, లోపల తెల్లకొంగలు. నీళ్లు పోస్తే కొంగలు కదిలినట్టుండేవి. శుక్రవారం మ్యూజియం వాళ్లు దాన్ని చూడబోతున్నారు. ఇంట్లో ఉండేది ఆమె, కుండలు చేసే మామగారు మన్‌సిక్, కొత్త కోడలు యెరిన్.

"నా కొడుకు ఓడ మీదున్నాడండీ. ఆ పిల్లే తీసిందని తేలితే వాడేమైపోతాడో."

"అమ్మాయి గది వెతికారా?"

జొంసున్ తల దించుకుంది. సంచి కూడా వెతికిందట. ఏమీ దొరకలేదట.

"ఆ ఉదయం ఏం వినిపించింది?"

"మామూలేనండీ. నేను ముల్లంగి తరుగుతున్నా. పెరట్లో మామగారు పనికిరాని కుండ పగలగొట్టారు."

కుండలు కాల్చే ఆవం ఎప్పుడు తెరుస్తారని ప్యో అడిగాడు. గిన్నె పోయిన ముందురోజు సాయంత్రమే మంట ఆపి నోటికి మట్టి మెత్తామని, చల్లారడానికి ఇంకా మూడు రోజులు పడుతుందని, అంతకుముందు కాల్చినవన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయని ఆమె చెప్పింది. సహాయకురాలు దోహుయ్ అంతా రాసుకుంది.

మర్నాడు ప్యో వాళ్లింటి పెరట్లో పగిలిన కుండ పెంకుల గుట్ట దగ్గర చాలాసేపు గడిపాడు. తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"పగలగొట్టడానికి ఆవంలోంచి ఒక్క కుండా బయటికి రాలేదు. మరి ఆ ఉదయం పగిలిందేమిటి? అలవాటైన చప్పుడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు."

సగం కొంగ ఉన్న పెంకును నేల మీద పెట్టాడు. దోహుయ్ రాయడం మరిచి ప్యోనే చూసింది.

"అసలుది నలభై ఏళ్ల కిందట కడుగుతుంటే నా చేతిలోంచి జారింది," అన్నాడు మన్‌సిక్. "నాన్నకు చెప్పలేక అలాంటిదే చేశా. ఆ రంగు రావడానికి ఏడాది పట్టింది. మ్యూజియం వాళ్లు బోర్లిస్తే అడుగు చూసి పాతది కాదని చెప్పేస్తారు. అందుకే పగలగొట్టేశా."

"ఈ అమ్మాయిని అనుమానిస్తుంటే కూడా నోరు విప్పలేదే, తాతగారూ?" అన్నాడు ప్యో.

ముసలాయన గోడవైపు తిరిగాడు.

యెరిన్ పెంకును తీసి వెలుతురులో చూసింది. "ఎంత బాగుంది," అంది. తర్వాత నెమ్మదిగా, "నా సంచిలో బట్టలు అంత చక్కగా మడత పెట్టడం నాకు రాదత్తయ్యా. మీరు వెతికారని ఆ రోజే తెలిసింది."

జొంసున్ క్షమించమన్నట్టు రెండు చేతులూ నేలకానించి వంగింది. కోడలి ముందు అత్త అలా వంగడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. యెరిన్ లేవమనలేదు. చేతిలోని పెంకును మాత్రం మెల్లగా ఇద్దరి మధ్యా పెట్టింది.