అమ్మ గడప దాటితే

యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తులో పాత పేపర్ల గది ఉంది. నాలుగేళ్లుగా నవనీతకు అదే ఇల్లు, అదే వాకిలి. ఫలించిన జోస్యాల మీద ఆమె పరిశోధన. ప్రార్థన మందిరంలో పాస్టరు చెప్పింది కానీ, బోనాల నాడు పచ్చికుండ మీద నిలబడి రంగంలో అమ్మవారి వాక్కుగా చెప్పింది కానీ, "చెప్పినట్టే జరిగింది" అని ఎవరన్నా అన్నారంటే చాలు, సంచీ భుజాన వేసుకుని బయల్దేరేది. ఎప్పుడు చెప్పారు? ఎక్కడ రాసిపెట్టారు? జరగక ముందు రాశారా, జరిగాక రాశారా? ఆ మాటకు అర్థం ముందే తేల్చుకున్నారా, జరిగాక తెచ్చి అతికించారా? ఈ ప్రశ్నల ముందు ఇంతవరకు ఒక్క జోస్యమూ నిలబడలేదు. డిపార్ట్‌మెంటులో వెనకాల ఆమెను జోస్యాల పోలీసు అనేవాళ్లు. అనుకోనీ, నాకేంటి అనేది.

ఆ గురువారం మాత్రం ఆమె చదువు కోసం రాలేదు. తల్లి ప్రాణం కోసం వచ్చింది.

తల్లి రాహేలుకు గుండె కవాటం పాడైంది. శుక్రవారం పొద్దున ఆపరేషన్ అన్నారు తార్నాక ఆస్పత్రిలో. గురువారం సాయంత్రం ఆరులోపు చేరాలి, బిడ్డ వచ్చి కాగితాల మీద సంతకం పెట్టాలి. ఆరు దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది, మళ్లీ నెల ఆగాలి. నెల ఆగే గుండె కాదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. రాహేలేమో వారాసిగూడ ఇంట్లో మంచం దిగనని మొండికేసింది.

దీనికంతటికీ కారణం సారలమ్మ. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేది ఆ ముసలామె. భర్త వర్క్‌షాపు నుంచి తెచ్చిచ్చిన పొడుగాటి రిజిస్టరులో, ఇంటికో పేజీ చొప్పున, రాబోయే సంగతులు రాసేదట. ఊదారంగు పెన్సిల్‌తో. నాలుకతో తడిపితే గానీ ఆ పెన్సిల్ పడదు. అందుకే ఆమె నాలుకెప్పుడూ నేరేడు పండ్లు తిన్నట్టే ఉండేది. బొట్టు పెట్టుకున్నవాళ్లూ బైబిలు పట్టుకున్నవాళ్లూ ఆమె గుమ్మంలో పక్కపక్కనే కూర్చునేవాళ్లు. పోయినేడు చచ్చిపోయింది. పోయే ముందు రాహేలు ఇంటి పేజీలో ఆఖరి మాట రాసి పోయింది: "వచ్చే శ్రావణం మొదటి గురువారం అమ్మ గడప దాటితే తిరిగి రాదు."

ఆ గురువారమే ఇది.

"ఆమె రాసింది ఒక్కటన్న తప్పిందా?" అన్నది రాహేలు ముందురోజు. "మీ నాయన సంగతి తప్పిందా? మన గల్లిల చెట్టు మీద పిడుగు తప్పిందా?"

"జరిగినంక రాసుకుంటే ఎట్ల తప్పుతది అమ్మా!"

"అయితే చూపియ్యి. ఒక్కటి తప్పని చూపియ్యి, నా కాళ్ల మీద నేనే నడుసుకుంట ఆస్పత్రికి వస్త."

నవనీతకు తిక్క రేగింది. నేరుగా లాలాగూడ పోయి సారలమ్మ కొడుకు రత్నాకర్‌ను రిజిస్టరు అడిగింది. వాడు బతిమాలించుకుంటాడనుకుంటే, వద్దన్నా చేతిలో పెట్టాడు.

"తీస్కపో అక్కా. ఇంట్ల పెట్టుకోబుద్ధి అయితలేదు. పెన్సిల్ దారంతోని దానికే కట్టి ఉన్నది. దాన్ని మాత్రం ముట్టకు."

"ముడితే ఏమైతది?"

వాడు తలుపేసుకున్నాడు.

అందుకే గురువారం పొద్దున్నుంచీ నవనీత ఆ గదిలో బైండు చేసిన పాత పేపర్లు తిరగేస్తూ కూర్చుంది. బయట వాన. కిటికీ రెక్కల సందుల్లోంచి తడిగాలి, లోపల ముక్కిపోయిన కాగితం వాసన. ఒక్కో జోస్యం పక్కన ఒక్కో వార్త పెట్టి చూసింది. అన్నీ సరిపోయాయి. మూడింటికి ఇంకో రెండు మిగిలాయి. నాలుగింటికి ఒక్కటే. నిజంగానే ఒక్కటీ తప్పకపోతే? అమ్మను ఎత్తుకెళ్లాలా? కాళ్లు పట్టుకోవాలా?

ఆ ఒక్కటీ పిడుగు సంగతి. "వారాసిగూడ గల్లిల రావిచెట్టు మీద పిడుగు పడతది." పేపరు తీసింది. అందులోనూ రావిచెట్టే. తారీఖుతో సహా సరిపోయింది.

అబ్బ... అని తల పట్టుకున్నదల్లా ఠక్కున లేచి నిలబడింది.

రావిచెట్టెక్కడిది? ఆ గల్లీలో పుట్టి పెరిగింది తను. ఆ చెట్టు పుల్లతోనే పళ్లు తోముకుంది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, మన గల్లిల పిడుగు పడ్డది ఏం చెట్టు?"

"యాపచెట్టు. మొద్దు ఇంక ఉన్నది గదనే."

"పేపరోళ్లు సూడకుండనే రావిచెట్టు అని తప్పు రాసిన్రు. ముసలమ్మ ఆ తప్పునే దించింది! దేవుడే చెప్పి ఉంటే, ఆయనకు యాపచెట్టేదో రావిచెట్టేదో తెల్వదా అమ్మా?"

అటునుంచి మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"మన గల్లి దిలీప్ ఆటో బయట ఉన్నదేమో, కేకేస్త" అన్నది రాహేలు. "నువ్వు దబ్బున రా బిడ్డా. సంతకం నువ్వే పెట్టాలె."

నవనీత కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఏడుస్తూనే నవ్వింది. టైము నాలుగూ నలభై. పేపర్లు సర్దింది. పోయే ముందు, ఇక దీని పని అయిపోయిందిలే అన్న ధీమాతో, రాహేలు ఇంటి పేజీ ఇంకొకసారి చూసింది. పొద్దున్నుంచీ పిడుగులూ చావులే చూసింది కానీ ఇంటి మాటలు సరిగా చదవలేదు.

"రాహేలు మగడు పోతడు." "రాహేలుకు గుండె నొప్పి." "రాహేలు బిడ్డను తోల్కొచ్చింది. అమ్మ పెద్ద సదువు సదువుతది."

వేలు అక్కడే ఆగిపోయింది.

రాహేలును ఎక్కడా అమ్మ అనలేదు. పేజీ అంతటా రాహేలు రాహేలే. అమ్మ అన్నది... అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లయిన తనను. గడ్డం పట్టుకుని, ఊదారంగు నాలుకతో నవ్వుతూ, "అమ్మా, ఇటు రా" అన్నది ముసలామె. ఆ వేళ్ల జిందా తిలిస్మాత్ మందు వాసన కూడా ఇప్పుడు గుర్తొచ్చింది.

అమ్మ గడప దాటితే తిరిగి రాదు.

అర్థం ముందే తేల్చాలి అని ఎంతమందిని నిలబెట్టి అడిగిందో. ఇప్పుడు తేలింది. జరగక ముందే తేలింది.

కరెంటు పోయింది.

కింద అటెండరు పరుశురాం ఎవరినో జనరేటరు వెయ్యమని కేకేస్తున్నాడు. వాన చప్పుడులో ఆ కేక సన్నగా వినిపించింది. గదిలో మసక. అల్మారాల మధ్య పూర్తిగా చీకటి. ముక్కిపోయిన కాగితం వాసనలో ఇంకేదో కలిసింది... ఘాటుగా. జిందా తిలిస్మాత్.

"త్చ్."

నాలుకతో తడిపిన చప్పుడు.

గర... గర... గర. కాగితం మీద.

నవనీత ఫోన్ లైటు వేసింది. ఎవరూ లేరు. రిజిస్టరు తెరిచే ఉంది. దారానికి వేలాడుతున్న పెన్సిల్ మెల్లగా ఊగుతోంది. దాని మొన తడిగా మెరిసింది.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. రిజిస్టరును అలాగే వదిలి, సంచీ గుండెలకు హత్తుకుని తలుపు దగ్గరికి నడిచింది. ఆ గదికి పాతకాలపు ఎత్తు గడప. నాలుగేళ్లుగా చూసుకోకుండా దాటేది. ఇప్పుడు కాలు లేవలేదు. బురదలో దిగబడినట్టుంది.

వెనక, చెవికి బాగా దగ్గరగా...

"అమ్మా... ఈ పూట ఆగరాదా?"

ఆగితే ఏమైతది? ఆరు దాటుతది. మంచం పోతది. రాహేలు పోతది.

భయం ఎంత ఉందో, దాని వెనకే అంత కోపం తన్నుకొచ్చింది నవనీతకు.

"ఎవరికి చెప్తున్నవే?" అన్నది. "యాపచెట్టును రావిచెట్టు చేసినదానివి! పేపరు చూసి దించినదానివి! నీ మాటకు మా అమ్మను చంపుకుంటనా? తిరిగి రాకపోతే రానుపో. సంతకమైతే పెడత!"

రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఎత్తి గడప అవతల వేసింది. రెండో కాలు కూడా.

ఏమీ కాలేదు. ఏదో చల్లగా నోటికి తగిలినట్టయింది, అంతే. వాన జల్లు అనుకుంది.

మెట్ల మీద పరుశురాం టార్చితో ఎదురొచ్చాడు.

"మేడం, లోపల ఇంకెవరున్నరు? ఇద్దరు మాట్లాడినట్టు వినొచ్చింది."

"ఎవరు లేరు. తాళమెయ్యి."

ఆ వానలో ఆటో దొరికి తార్నాక చేరేసరికి ఆరుకు పది నిమిషాలు. పరుగెత్తింది. మూడు చోట్ల సంతకాలు పెట్టింది. గెలిచినట్టే అనిపించింది.

రాహేలు ఆకుపచ్చ గౌనులో పక్కమీద చిన్నపిల్లలా పడుకుని ఉంది. బిడ్డను చూసి మొహం విప్పారింది.

"వచ్చినవా! మొత్తం తడిసిపోయినవ్. అవునే... నీ నాలుకేంది గట్లున్నది? ఈ నెలల నేరేడు పండ్లు యాడ దొరికినయే నీకు?"

నవనీత స్టీలు గ్లాసు తీసి చూసుకుంది. ఊదా. చివర నుంచి మొదలు దాకా. తుడిచింది. పోలేదు.

రాహేలు బిడ్డ చెయ్యి పట్టుకుంది. "మళ్ల ఇంటికొస్త గదా బిడ్డా? ఒక్క మాట చెప్పవే."

నవనీత నోరు తెరవబోయి ఆగింది. నాలుక మీద ఏదో మాట ముందే వచ్చి కూర్చుంది. అది తనది కాదు. ఏ మాటో కూడా తెలియలేదు. బయటికొస్తే మాత్రం వెనక్కి తీసుకోలేనని తెలిసింది. దాన్ని పళ్లతో నొక్కిపట్టి, బలవంతాన మింగి, తన మాటే అన్నది.

"వస్తవ్. ఆదివారం నాతోని మాట్లాడతవ్. పదోనాడు నీ కాళ్ల మీద నడుసుకుంట ఇంటికొస్తవ్. నేను చెప్తున్న."

రాహేలు నవ్వి కళ్లు మూసుకుంది. అప్పుడు తట్టింది నవనీతకు, తను చెప్పింది జరగక ముందని, రోజులతో సహా చెప్పిందని, రెండర్థాలకు చోటే లేకుండా చెప్పిందని. తను ఇన్నాళ్లూ అడిగిన ప్రశ్నలన్నిటికీ నిలబడే మాట, తన నోటి నుంచే వచ్చింది.

పక్క మంచం మీద ఎవరో ముసలామె లేచి కూర్చుంది. నవనీత ఆమెను ఎన్నడూ చూడలేదు. రెండు చేతులూ జోడించింది.

"అమ్మా... నాకు కూడ ఒక్క మాట చెప్పు."

"నాకేం తెల్వదు పెద్దమ్మా. పండుకో" అన్నది నవనీత గట్టిగా. పెదవులు బిగించింది. పళ్లు బిగించింది.

ఆ పళ్ల వెనక, నాలుక తనంతట తానే తడిసి, "త్చ్" మంది.