క్లచ్ డ్రమ్ములో గాట్లు

జబులిలే మోటారు సైకిలు బండిని తోసుకుంటూ వచ్చి వుసా మెకానిక్ షెడ్డు ముందు నిలిపింది.

"దీని క్లచ్ చూడు. తప్పు దానిదో నా చేతిదో తేలాలి," అంది.

వాళ్ళుండే మకొకోబా పేటలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. నాలుగు నెలల కిందట రైలు గేటు దగ్గర ఆమె క్లచ్ వదలగానే, వాళ్ళ నాన్న ముచ్చటపడి కొనుక్కున్న ఆ పాతకాలపు ఇంగ్లీషు బండి ముందుకు దూకింది. వెనక కూర్చున్న నాన్న తల రోడ్డుకు కొట్టుకుంది. తొమ్మిదో రోజున పోయాడు. అప్పటినుంచి పెదనాన్న ఫినియాస్ ఆమె వండింది ముట్టడం లేదు.

అంతకుముందు తండ్రీకూతుళ్ళు ప్రతి శనివారం వచ్చేవారు. ఈ మెకానిక్ బండినొదిలి నన్నే రిపేరు చేసేలా ఉన్నాడని ఆమె ఎగతాళి చేసేది. వుసా చెవులు వేడెక్కేవి. ఇవాళ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంజను వేడెక్కాక అతను గేరు వేసి క్లచ్ లివరు మెల్లగా వదిలాడు. బండి కదల్లేదు, కదల్లేదు, ఉన్నట్టుండి ఎగిరిపడింది. కేబుల్ చూశాడు, ఎక్కడా పట్టేయడం లేదు. ఆయిలు సరైనదే. మూత విప్పి ప్లేట్లను గాజుపలక మీద పరిచాడు. ఒక్కటీ వంగలేదు. స్ప్రింగులన్నీ ఒకే పొడవు.

చివరికి ఆ ప్లేట్లు కూర్చునే డ్రమ్ము తీసి, దాని గాడి అంచు మీద ఆమె వేలు పెట్టించాడు. గోరు తట్టుకుంది. ఏళ్ళ తరబడి ప్లేట్లు కొట్టుకుని అక్కడ లోతుగా గాట్లు పడ్డాయి. వాటిలో ఇరుక్కున్న ప్లేట్లు ఒక్కసారిగా జారి పట్టేస్తున్నాయని, ఎవరు నడిపినా ఇంతేనని చెప్పాడు.

ఆమె డబ్బా మీద కూలబడి చప్పుడు లేకుండా ఏడ్చింది. అతను అక్కడితో ఆపేయవచ్చు.

"జబూ, ఈ గాట్లు నేను కిందటేడే చూశాను."

వానలు వెళ్ళాక మార్పిద్దామని, అమ్మాయికి చెబితే భయపడుతుందని ఆమె తండ్రి అన్నాడట.

"నడిపేది నేను కదా. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బండి మానేస్తావు. మానేస్తే ఇక్కడికి రావు. నేను చూసుకున్నది అదొక్కటే."

ఆమె డ్రమ్మును గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాడు.

మర్నాడు కబురొచ్చింది, పెదనాన్న ముందు కూడా చెప్పమని. వుసా వెళ్ళి ఏదీ దాచకుండా చెప్పాడు. ముసలాయన గాట్లను చాలాసేపు వేలితో తడిమాడు. వుసాను బయటికి పొమ్మన్నాడు. తర్వాత ఆమెకేసి తిరిగి, "ఆకలేస్తోంది తల్లీ, సంకటి పెట్టు," అన్నాడు.

పెదనాన్నకు వడ్డించి ఆమె ఇంటి ముందు నిలబడ్డ వుసా దగ్గరికి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు.

"కొత్త డ్రమ్ము వెయ్యి. మళ్ళీ నేనే నడుపుతాను. వెనక నువ్వు కూర్చోవాలి."

"కూర్చుంటాను."

"రైలు గేటు మీదుగా వెళ్దాం," అంది.