నర్సాపూర్ రేసులో లక్క ముద్ర

ఏలీయా మోటార్ సైకిల్ ఇంజిన్ మీద సీలు లేదు.

రేసుకు ఇంకా అరగంట. మెదక్ నుంచి నర్సాపూర్ దాకా, 1967 పోటీ. గెలిచినవాడికి ఈసారి జిల్లాలో మోటార్ సైకిల్ కంపెనీ ఏజెన్సీ. కొత్త రూల్స్ దెబ్బకు పోటీలో రెండు బండ్లే మిగిలాయి. ఒకటి కంపెనీది. రెండోది ఏలీయాది.

కంపెనీ ప్రతినిధి జోగారావు జనం ముందే ఏలీయాను దొంగ అన్నాడు. పోటీలోంచి తీసేశాడు. అంతటితో ఊరుకోలేదు. సీలు తీసి పార్టులు మార్చాడని పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ వెంకట్రాములు జీపు దిగేసరికి మెకానిక్ ఏలీయా పళ్లు కొరుకుతున్నాడు. పక్కన భార్య ఎలిశిబా.

“సీలు ఎవరు తీసిండ్రు?”

“నాకేమెరుక సార్? నేను ముట్టలే. నిరుడు లేత్ మిషన్ మీద సొంతంగ పిస్టన్ చేసుకొని వీళ్ల బండిని ఓడగొట్టిన. గందుకే ఈయేడు కంపెనీ పిస్టనే ఉండాలని రూల్ పెట్టిండ్రు. గదిగూడ ఒప్పుకున్న. ఇంకేం జెయ్యాలె?”

రూల్ రాసేది కంపెనీ. బండ్లు తనిఖీ చేసేది కంపెనీ. పోటీలో దిగేదీ కంపెనీయే. వింటేనే ఒళ్లు మండే సంగతి. వెంకట్రాములుకూ మండింది. అయినా ముందు విచారణ కానివ్వాలి.

నిన్న సాయంత్రం రెండు ఇంజిన్ల బోల్టుల మీదా జోగారావే లక్క కరిగించి ముద్ర కొట్టాడు. ఆఫీసులో పార్సిళ్లకు కొట్టినట్టే. తర్వాత బండ్లను షెడ్డులో పెట్టి తాళం వేశారు. కాపలా ఐలయ్య.

“రాత్రి ఎవరన్న వచ్చిండ్రా?”

“ఎవ్వలు రాలే సార్. పొద్దుగాల తాళం తీసినప్పుడు రెండు ముద్రలు గట్లనే ఉన్నయి.”

“తాళం తీసినంక?”

“ఇంజిన్లు వేడి చేసుకునేటందుకు ఇద్దరు కౌడిపల్లి దిక్కు జర దూరం పోయొచ్చిండ్రు. ఏలీయ బండి గీడనే నిలవెట్టిండు. అందరు సూస్తనే ఉన్నరు. నర్సింహ బండిని తుడుస్తమని కంపెనీ వ్యాన్ల ఎక్కించిండ్రు. మస్తుసేపటికి దించిండ్రు.”

నర్సింహ కంపెనీ రైడర్. ఎల్దుర్తి మనిషి. తల ఎత్తడం లేదు.

వెంకట్రాములు వంగి ఏలీయా ఇంజిన్ చూశాడు. బోల్టుల కింద ఎర్రటి చార. కొవ్వొత్తి కారినట్టు కిందికి జారి గడ్డకట్టింది. తర్వాత నర్సింహ బండి చూశాడు. గుండ్రటి ముద్ర. అక్షరాలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

“చూశారుగా,” అన్నాడు జోగారావు. “మా సీలు చెక్కుచెదరలేదు.”

“చూశాను. నర్సింహా, బండి స్టార్ట్ చెయ్యి.”

“అవసరం లేదండీ.” జోగారావు అడ్డం వచ్చాడు.

“తప్పుకోండి.”

ఇంజిన్ మోగింది. జనం మూగారు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. లక్క మెత్తబడింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ముద్ర జారి ఇంజిన్ మీద కారింది.

వెంకట్రాములు గొంతు పెంచాడు.

“ఏలీయా సీలు ఎవరూ తీయలేదు. వేడికి కరిగింది. మరి అదే దారిన పోయివచ్చిన నర్సింహ బండి సీలు ఎందుకు కరగలేదు? అది కొత్తది కాబట్టి. వ్యాన్‌లో ఇంజిన్ విప్పారు. మళ్లీ ముద్ర కొట్టారు. ఏం మార్చారు?”

నర్సింహ నోరు విప్పాడు.

“సిలిండర్ మార్చిండ్రు సార్. పెద్ద పిస్టన్ ఏసిండ్రు. ఎవ్వలకు చెప్పొద్దన్నరు.”

“అదీ మా కంపెనీ పిస్టనే,” అన్నాడు జోగారావు. “రూల్లో సైజు రాయలేదు.”

“గా పిస్టన్ ఏ దుకాణంల దొరుకుతది?” ఏలీయా ముందుకొచ్చాడు. “నాకెందుకు అమ్మలే?”

జోగారావు అతని వైపు చూడలేదు. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.”

“రేసు రూల్ మీరు రాసుకున్నారు. అబద్ధపు ఫిర్యాదుకు శిక్ష మీరు రాయలేదు. వ్యాన్‌లో మీ లక్క కరిగి ఉండటం చూశారు. ఏలీయాదీ కరుగుతుందని తెలిసే అతన్ని దొంగను చేశారు. జీపెక్కండి. ఏలీయా, నువ్వు రేసుకు పో.”

ఏలీయా కదల్లేదు.

“వీళ్ల ఏజెన్సీ నాకొద్దు సార్. నిరుడు గెలిస్తే రూల్ మార్చిండ్రు. ఈయేడు గెలిస్తే రోడ్డే మారుస్తరు. గింతమంది ముందట నన్ను దొంగ అన్నడు. గీ జనం ముందట్నే కాదని చెప్పుమనుండ్రి.”

వెంకట్రాములు మైకు తెప్పించి జోగారావు నోటి ముందు పెట్టాడు.

“ఏలీయా మోసం చేయలేదు,” గొణిగాడు జోగారావు.

ఎలిశిబా కొంగు బిగించి ముందుకొచ్చింది.

“ఎనకోళ్లకు ఇనవడలే సార్. మల్ల చెప్పుమనుండ్రి.”