పరుపుల కొట్టు మీది హాలు

నేను ఇదివరకు ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు గొంతు ఎండిపోతుంది, అందుకే రాస్తున్నాను. కాగితమైతే మన మొహంలోకి చూడదు కదా. ఇది మా ఆడపడుచుకి జరిగింది. ఆమె చెప్పింది చెప్పినట్టు పెడుతున్నాను. తప్పులుంటే నావి, భయం మాత్రం ఆమెది.

పరుపుల కొట్టు మీద ఒక హాలు ఉంది. దానికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏముంటుంది? రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. కింద నున్నటి పలకలు, ఒక పక్కంతా అద్దాల కిటికీలు, ఈ చివర చిన్న స్టేజీ, ఆ చివర బోడి గోడ. మేకు కూడా దిగని గట్టి గోడ. ఫంక్షన్లకి అద్దెకిస్తారు. తినేవాళ్ళు తింటారు, ఫోటోలు దిగేవాళ్ళు దిగుతారు, ఎవరికీ ఏమీ కాదు.

పాటగాళ్ళు మాత్రం ఆ మెట్లెక్కాలంటే జంకుతారు.

ఎందుకంటే అక్కడ ఎవరు పాడినా... వెనక ఇంకెవరో పాడతారు. కలిసి కాదు. ఒక్క పిసరు ఆలస్యంగా. నువ్వు పిలిస్తే ఆలోచించుకుని పలికినట్టు.

ఆమెకి వంతక్క అని పేరు పెట్టారు. ఎప్పుడో ఒక బృందంలో వెనక వంత పాడేదట. పెద్ద పాటగాడికి ఆమె గొంతు నచ్చక మైకుకి ఇంకాస్త దూరం, ఇంకాస్త దూరం అంటూ వెనక్కి నెట్టి నెట్టి, చివరికి ఆ గోడకి ఆనించేశాడట. ఒక రోజు ఇక రావద్దన్నాడట. ఆమె రావడం మానలేదు — కనిపించడం మానేసింది, అంతే.

మా ఆడపడుచు ఒక చిన్న బ్యాండులో డ్రమ్ములు వాయిస్తుంది. నలుగురే వాళ్ళు. కీబోర్డు వాయించే మేస్టారు, ఆయనే పెద్ద. పాడేవాడు గొంతాయన. గిటారు వాడిని సన్నోడు అంటారు, మనిషి కన్నా గిటారే లావు. వీళ్ళందరి ముక్కుతాడూ మా పిల్ల చేతిలో ఉంటుంది. పాట మొదలుపెట్టే ముందు రెండు పుల్లలూ పైకెత్తి నాలుగుసార్లు కొడుతుంది. ఐదోదాని మీద అందరూ ఒక్కసారే దూకాలి. అదీ వాళ్ళ పద్ధతి.

పోయినసారి ఆ హాల్లో ఆమె నాలుగు కొట్టింది. గోడ దగ్గర్నుంచి ఇంకో నాలుగు వచ్చాయి. మేస్టారు ఈమెతో వెళ్ళారు, గొంతాయన వంతక్కతో వెళ్ళాడు. సన్నోడు ఎటూ తేల్చుకోలేక కళ్ళు మూసుకున్నాడు. తనది తనకి వినబడక ఒకడు సౌండు పెంచాడు, వాడిని చూసి ఇంకోడు పెంచాడు, వాళ్ళని మించి మా పిల్ల బాదింది. పెంచేకొద్దీ వెనకావిడ కూడా పెంచింది. జనం చెవులు మూసుకుని మరీ నవ్వారట.

తప్పు ఎవరి మీద పడింది? తాళం ఎవరిదైతే వాళ్ళ మీదే.

మేస్టారు ఒక తాళం మిషను తెచ్చారు. టిఫిను డబ్బా అంత ఉంటుంది. మీట నొక్కితే తనంతట తనే డ్రమ్ములు వాయిస్తుంది. "అమ్మాయ్, నీ మీద కోపం లేదు. కానీ మళ్ళీ అదే హాల్లో ఒప్పుకున్నాను, హెడ్ నర్సు గారి రిటైర్మెంటు. ఈసారీ చెడిందా... నీ కుర్చీలో ఇది కూర్చుంటుంది" అన్నారు.

ఆ రాత్రి మా పిల్ల అన్నం మెతుకు ముట్టలేదు. ఆమె అన్నం మానేసిందంటే లోకంలో ఏదో పెద్ద గొడవే అన్నమాట.

ప్రోగ్రాం రోజు అందరికన్నా ముందే ఒక్కతే వెళ్ళింది. అప్పుడే చీకటి పడుతోంది. స్టేజీ మీద ఒకటే లైటు. మిగతా లైట్ల మీటలన్నీ ఆ చివర, గోడ పక్కన ఉన్నాయి.

డ్రమ్ములు బిగించి, ఊపిరి బిగబట్టి, పుల్లతో పుల్లని ఒక్కటి కొట్టింది.

టక్.

...టక్.

"ఎవరూ?" అంది.

"...రూ?" అంది ఆ వైపు.

పారిపోదామంటే తలుపు కూడా ఆ వైపే. అయినా తాళం మిషను గుర్తొచ్చింది. దెయ్యం చేతిలో చచ్చినా పరవాలేదు గానీ డబ్బా చేతిలో ఓడిపోవడమా?

స్టేజీ దిగింది. అడుగు వేసి చప్పట్లు కొట్టింది. ఎదురు చప్పట్లు వచ్చాయి. ఇంకా ముందుకెళ్ళి కొట్టింది. వచ్చాయి — కానీ ఈసారి త్వరగా వచ్చాయి. ఇంకొంచెం వెళ్ళింది... ఇంకా త్వరగా. ఎదురొస్తున్నట్టు. తను ఒక అడుగు వేస్తే ఆవిడ కూడా ఒక అడుగు వేస్తున్నట్టు.

సరిగ్గా అప్పుడు తలుపు కిర్రుమంది.

చీకట్లోంచి తెల్లగా, నిలువెత్తున ఏదో లోపలికి వచ్చింది. తల లేదు. చేతులు లేవు. పలకలా వెడల్పుగా ఉంది... కింద మాత్రం రెండు కాళ్ళు.

మా పిల్ల అరవలేదు. నడుముకి దోపుకున్న పుల్ల లాగి విసిరింది.

బొత్.

"చచ్చాన్రో!" అంది తెల్లది, కింద పడిపోతూ.

పరుపు! కొట్టులో చోటు చాలక పైన పెట్టుకుందామని నిలువుగా ఎత్తి పట్టుకుని తెస్తున్న పరుపులాయన దాని కింద కాళ్ళు కొట్టుకుంటున్నాడు. లేపి చూస్తే ఆయన ఈమె కన్నా ఎక్కువ వణుకుతున్నాడు.

"నువ్వా తల్లీ! వంతక్క అనుకున్నాను."

"నేనూ మిమ్మల్నే అనుకున్నాను బాబాయ్ గారూ."

"నాకు మీసాలున్నాయి కదమ్మా?"

"మీసాలు పరుపు వెనక ఉన్నాయి!"

ఇద్దరూ కూలబడి నవ్వారు. ఆ నవ్వు గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇద్దరూ టక్కున నోరు మూశారు.

అప్పుడు మా పిల్లకి తట్టింది. ఇందాక పుల్ల విసిరితే బొత్ మన్నది. ఒక్కసారే. రెండో బొత్ రాలేదు! ఆ పరుపుని ఈడ్చుకెళ్ళి గోడకి ఆనించి, దాని ముందు నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. అక్కణ్ణుంచి ఏమీ రాలేదు. పక్కనున్న బోడి గోడ మాత్రం అలవాటు కొద్దీ కొంచెం సణిగింది.

"బాబాయ్ గారూ... కొట్టులో ఎన్ని పరుపులున్నాయి?"

"అన్నీ మొయ్యడానికి నీకు బుద్ధి లేదా, నాకు లేదా?" అన్నాడాయన. మళ్ళీ ఒక్క క్షణం ఆగి, "కొట్టు పేరు కనబడేలా నిలబెడతానంటే ఇస్తాను" అన్నాడు.

మేస్టారు, గొంతాయన, సన్నోడు వచ్చేసరికి మెట్ల మీద పరుపులు నడుస్తున్నాయి. సన్నోడి మీద ఒక పరుపు పెడితే వాడు మెట్ల మలుపులో ఇరుక్కుని, పరుపునీ వాడినీ కలిపి లాగాల్సి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లయినా విప్పకుండా ఆ చివర గోడంతా వరసగా నిలబెట్టేశారు. సగం కిటికీలకి తెరలు లాగారు. మా పిల్ల డ్రమ్ము మీద తువ్వాలు పరిచింది. "ఇవాళ ఎవరూ పెంచకూడదు. వినబడకపోతే పక్కవాడిని తగ్గించమనండి, మీరు పెంచకండి" అంది. మేస్టారు గడ్డం గోక్కున్నారు. మిషను మాత్రం పక్కనే పెట్టుకున్నారు.

నర్సమ్మలు వచ్చారు. పరుపులు చూసి, "మా ఆస్పత్రిలో కూడా ఇన్ని లేవే!" అని ఒకావిడ అంటే హాలంతా గొల్లుమంది.

మా పిల్ల పుల్లలు ఎత్తింది. కొట్టింది — ఒకటి... రెండు... మూడు... నాలుగు.

వెనక ఏమీ లేదు.

అందరూ ఒక్కసారే దూకారు. దారానికి పూసలు గుచ్చినట్టు వెళ్ళిపోయింది పాట. గొంతాయన మెల్లగా పాడితే ఇంత బావుంటాడని వాళ్ళకే తెలీదు. రెండో పాటకి నర్సమ్మలు చప్పట్లు తాళంలో వేశారు. మూడో పాటకి హెడ్ నర్సు గారే లేచి ఆడారు. నాలుగో పాట అయిపోగానే మేస్టారు మా పిల్ల వైపు తిరిగి, ఆ తాళం మిషను ఎత్తి ఆమె కుర్చీ పక్కన పెట్టి, దాని మీద టీ గ్లాసు ఉంచారు.

"తాగమ్మా. చల్లారిపోతుంది."

అంతే. ఆ మిషనుకి అప్పట్నుంచీ అదే ఉద్యోగం.

అందరూ వెళ్ళిపోయాక గొంతాయన పరుపులకేసి చూసి, "దెయ్యాన్ని చితక్కొట్టినవాళ్ళని చూశాం, సీసాలో పెట్టినవాళ్ళ గురించి విన్నాం. పరుపేసి పడుకోబెట్టింది మన పిల్లే!" అన్నాడు. నవ్వుకుంటూ పరుపులు దించడం మొదలుపెట్టారు. ఒకటి దించారు. ఇంకోటి. అన్నీ పలకల్లా చదునుగా ఉన్నాయి.

మధ్యలోది దించి నేల మీద వెయ్యగానే సన్నోడి నవ్వు ఆగిపోయింది.

దాని మీద గుంట ఉంది.

పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక సన్నటి మనిషి హాయిగా పడుకుంటే ఎలా పడుతుందో... అలా. ప్లాస్టిక్ కవరుకి వేసిన టేపు మాత్రం ఊడకుండా అలాగే ఉంది.

"ఎవరైనా పడుకున్నారా?" అని గుసగుసగా అడిగారు మేస్టారు.

"నిలబెట్టిన పరుపు మీద ఎవరు పడుకుంటారండీ..." అన్నాడు పరుపులాయన. అరచేత్తో గుంటని సర్దాడు. పైకి లేచింది. చెయ్యి తియ్యగానే... మెల్లగా మళ్ళీ దిగింది. సర్దుకుని పడుకున్నట్టు.

మా పిల్ల వంగి వేళ్ళు ఆనించింది. వెచ్చగా ఉందట.

"నేను ముందు దిగుతాను" అన్నాడు సన్నోడు. అప్పటికే సగం మెట్లు దిగిపోయాడు.

"మరి లైట్లు?"

"వెలగనీ!"

పరుపులాయన ఆ ఒక్క పరుపునీ గోడ మొదట్లో అలాగే వదిలేసి, మిగతావి మాత్రం కిందికి తెచ్చుకున్నాడు. దాన్ని ఎవరికీ అమ్మనని ఒట్టేశాడట.

ఇంటికొచ్చి మా పిల్ల రెండు మారులు అన్నం పెట్టించుకుని తింటూ ఇదంతా చెప్పింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆమె మాత్రం చెయ్యి కడుక్కుంటూ, "పాపం వదినా, ఎన్నాళ్ళుగా నిలబడే ఉందో. తల దగ్గర మాత్రం గుంట మరీ లోతుగా ఉంది. తల కింద ఎత్తు లేదు కదా" అంది.

మర్నాడు పొద్దున్నే లేచి, ఇంట్లో మిగిలిన దూదితో చిన్న దిండు కుట్టాను. మా పిల్లకి ఇచ్చి పంపుదామనుకున్నాను, కానీ ఆమె ఇంకా నిద్ర లేవలేదు. నేనే వెళ్ళి ఆ మెట్లెక్కాను. తలుపు తోసి, దిండు పెట్టాల్సిన చోట పెట్టి, ఎవరూ లేరు కదా అని ధైర్యం చేసి, "పడుకో అక్కా" అన్నాను. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.