నడిమధ్యన నీలం

"ఫ్యాన్ వేసిందెవరు?"

ఆ కేకకి ల్యాబ్‌లో కొత్తగా చేరిన కంప్యూటర్ అబ్బాయి చేతిలో టీ తొణికింది. ఉక్కపోస్తోందని అప్పుడే స్విచ్ నొక్కాడు పాపం! మైక్రోస్కోప్ ముందున్న రీసెర్చ్ అమ్మాయి సూది పట్టుకుని కొరకొరా చూస్తోంది.

"ఆవగింజంత మొగ్గ! ఈ ఏడాదికి మిగిలింది అదొక్కటే. ఎగిరిపోయింది!"

ఇద్దరూ నేలంతా గాలించారు. చివరికి అది అతనికే కనిపించింది. చెప్పబోయి, అంత దగ్గరగా ఆ పెద్ద కళ్లు చూసి మాట మర్చిపోయాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"మొగ్గ... మీ కాలర్ మీదుంది. కదలకండి."

ఆమె కదల్లేదు. అతనైతే ఊపిరి కూడా తీయలేదు.

ఆ మొక్కే ఒక విడ్డూరం. ఆకుల్లేవు, పచ్చదనం లేదు. మామూలు పువ్వులో అండాశయం మధ్యన, కేసరాలు చుట్టూ ఉంటాయి కదా, దీనికి అంతా తారుమారు! కేసరాలు పుట్టించే జన్యువు పనిచేసే చోటు మధ్యకి జరగడమే కారణమని ఆమె వాదన. మొగ్గని పలచగా కోసి రంగు వేస్తే, జన్యువు పనిచేసే చోట నీలం తేలుతుంది. మధ్యలో తేలకపోతే రెండేళ్ల థీసిస్ గంగపాలే.

"తేలదండీ. కంప్యూటర్‌లో నేను వేసిన లెక్క ప్రకారం అది బయటి వరసలోనే ఉండాలి," అన్నాడతను.

"మీ లెక్క ఎప్పుడైనా పువ్వు మొహం చూసిందా?"

రోజూ ఇదే గొడవ. ఆదివారం గొడవ లేక ఇద్దరికీ ఏమీ తోచేది కాదు.

రంగు తేలే రోజు రానే వచ్చింది. బయట వాన దంచేస్తోంది.

"నాకు భయంగా ఉంది, మీరే చూడండి," అందామె.

అతను వంగి చూశాడు. ఒక్క గెంతు గెంతాడు.

"మధ్యలోనే! నడిమధ్యన నీలం! నేను ఓడిపోయానోచ్!"

ల్యాబ్ పెద్ద మేడమ్ పరుగున వచ్చింది. ఆవిడ అతని మేనత్త కూడా. లెన్స్‌లోంచి చూసి అమ్మాయిని గట్టిగా కావలించుకుంది.

"గెలిచావే తల్లీ! ఒరేయ్, ఓడిపోయి ఈ చిందులేంట్రా?"

"లెక్క నాదే అత్తా. కానీ అది తప్పాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

"మరి నాతో ఎందుకు పోట్లాడారు?" అందామె.

"పోట్లాడకపోతే మీరు నాతో మాట్లాడరుగా! మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ."

"ఆ ముక్క చెప్పడానికి ఇన్నాళ్లా? నాకూ ఇష్టమే!"

మేడమ్ ఫోన్ తీసింది. "మీ నాన్నగారి నంబరు చెప్పమ్మా, ఇప్పుడే మాట్లాడేస్తా."

జన్యువుల పేర్లన్నీ నిద్రలో కూడా గడగడా అప్పజెప్పే ఆ పిల్లకి, పట్టలేని సంతోషంలో కన్నతండ్రి నంబరులో ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.